రంగు మానేసి తెల్లజుట్టుకు మారడం: ఎంత కాలం, ఏ దారి, ఎక్కడ చెడుతది

సుబేదారి_టీచర్

వివరాలు ముందే రాస్తున్న, జవాబులు కూడ అట్లనే కావాలె. వయసు 54. జుట్టు నడుం దాక, టేపు పెడితే 60 సెంటీమీటర్లు. రెండు ట్యూబులు కలిపే నల్ల క్రీము రంగు, నెలకోసారి కుదుళ్ల నుంచి కొసల దాక. అంతకు ముందు మైదాకు (గోరింటాకు), నీలి ఆకు పొడి. ఇప్పుడు పాపట కాడ 3 సెంటీమీటర్లు తెల్లగ వచ్చింది, ఇగ రంగు వెయ్యొద్దని నిర్ణయం. తలంతా తెలుపు కావాలంటే ఎన్ని నెలలు? రెండు నెలలకోసారి కొసలు కత్తిరిస్తే తొందరగ అయితదా? పార్లర్ల ఒక్క రోజుల తెల్లగ చేస్తమంటున్నరు, అది అయ్యే పనేనా? ఇంట్ల బోరు నీళ్లు.

పార్లరక్క_హన్మకొండ

మేడం, ముందు నెలల లెక్క. ఎంటిక నెలకు సుమారు 1.25 సెంటీమీటర్లు పెరుగుతది. కొందరికి 1, కొందరికి 1.5. చివరికి ఎంత పొడుగు జుట్టుతోని ఉండాలనుకుంటున్నరో ఆ సెంటీమీటర్లను 1.25తో భాగించండి. బాయ్‌కట్ 10 సెం.మీ. అయితే 8 నెలలు. మెడ దాక 20 అయితే 16 నెలలు. భుజం దాటి 30 అయితే 24. నడుం దాక 60 ఉండాల్సిందే అంటే 48 నెలలు, నాలుగేండ్లు. మీకు 3 సెం.మీ. వచ్చేసింది కాబట్టి అందులకెళ్లి రెండు నెలలు తీసెయ్యండి.

కొసలు కత్తిరిస్తే తొందరగ అయితదా అన్నరు. కాదు. తెలుపు పైనుంచి వస్తది, కత్తెర కిందికెళ్లి తీస్తది. రెండు నెలలల్ల పెరిగింది 2.5, మీరు తీసింది 2.5 అయితే జుట్టు పొడుగు ఉన్నంతే ఉంటది, తెలుపు కూడ 2.5 మాత్రమే వస్తది. కత్తిరించుడుతోని తెలుపు వేగం మారదు. మీరు ఒప్పుకునే పొడుగు తగ్గితేనే గడువు తగ్గుతది. చానామంది ఈ ఒక్క లెక్క తెల్వక, ఏడాది కొసలు కత్తిరించుకుంట కూసోని, "ఇంకా సగం నలుపే ఉంది" అని మళ్ల రంగు పొట్లం విప్పుతరు.

మీ జుట్టుకు నేను చెప్పే మార్గం ఇది. ఇప్పుడే 60 నుంచి 35కు దించండి, అంటే భుజం కిందికి, జడకు అందేటట్టు. తర్వాత రెండు నెలలకోసారి 3.5 సెం.మీ. తియ్యండి. పెరుగుడు 2.5, తీసుడు 3.5, కాబట్టి జుట్టు కొంచెం కొంచెంగ పొట్టి అయితది, తెలుపు కిందికి దిగుతది. సుమారు 18 నెలలకు రెండూ కలుస్తయి, అప్పటికి 26 సెం.మీ. జుట్టు మొత్తం మీ సొంత రంగు. ఆ తర్వాత ఎంత కావాలంటే అంత పెంచుకోండి.

పార్లర్ల ఒక్క రోజుల చేసుడు గురించి వేరే రాస్త, అది పెద్ద ముచ్చట.

కటింగ్‌షాప్_జమ్మికుంట

మగోళ్లకు ఇంత లెక్క అక్కర్లేదు, మూడు కటింగుల పని. రంగు ఆపినంక 4 లేదా 5 వారాలు ఆగుండ్రి. మొదటి కటింగుల పక్కలకు, ఎనకకు మిషన్ 2 నంబర్ పెట్టమనాలె, అది 6 మిల్లీమీటర్లు. అప్పటికే 12 మిల్లీమీటర్లు వచ్చి ఉంటది కాబట్టి పక్కలు పూర్తి సొంత రంగు. పైన కత్తెరతోని 4 సెంటీమీటర్ల దాక తగ్గించాలె. నెల తర్వాత రెండో కటింగుల పైభాగం 3 సెంటీమీటర్లకు. మూడో నెలకు పైన కొసల మీద మిగిలిన నలుపు కూడ పోతది. ఈ రెండో కటింగు నుంచి మూడో కటింగు మధ్యల పైన ఎర్రని కొసలు, పక్కలు తెలుపు కనవడుతయి. అప్పుడు ఓపిక పట్టలేకనే చానామంది మళ్ల రంగేస్తరు. ఆగలేకుంటే పైన కూడ 4 నంబర్ కొట్టియ్యుండ్రి, 13 మిల్లీమీటర్లు, ఒక్క కటింగుతోని ఖతం.

గడ్డానికి అయితే ఒక్కసారి పూర్తిగ గీకించుకుంటే సాలు. రోజుకు మూడు, నాలుగు పాళ్లు మిల్లీమీటరు పెరుగుతది, పది రోజులకు 3 మిల్లీమీటర్ల గడ్డం సొంత రంగుల వస్తది. గడ్డానికి రంగు ఉంచి తలకు మానేస్తే ముఖం రెండు రంగులుగ కొడుతది. రెండూ ఒకేసారి ఆపాలె.

ఖని_మూడోషిఫ్టు

అన్నా, "మూడు నాలుగు పాళ్లు" అంటే 0.3, 0.4 మిల్లీమీటర్లే కదా? 

కటింగ్‌షాప్_జమ్మికుంట

అవునన్నా, పదిల మూడు నాలుగు వంతులు.

పార్లరక్క_హన్మకొండ

ఇగ ఒక్క రోజుల తెల్లగ చేసుడు. పని ఎట్ల జరుగుతదో తెలిస్తే మీరే నిర్ణయించుకుంటరు.

రంగు మీద ఇంకో లేత రంగు వేస్తే కింద రంగు పోదు. పాత నలుపును తియ్యాలంటే బ్లీచ్ పౌడరే. పౌడర్ 30 గ్రాములకు డెవలపర్ 60 మిల్లీలీటర్లు, 20 వాల్యూమ్, అంటే 6 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్. 40 వాల్యూమ్ అంటే 12 శాతం, అది చర్మానికి తగిలితే కాలుతది, తొందర పనికి దాన్ని వాడేటోళ్ల కాడికి పోవద్దు. బ్లీచ్ పడ్డంక నలుపు ముందు ఎరుపు, తర్వాత నారింజ, తర్వాత పసుపు, చివరికి అరటిపండు తొక్క లోపలి రంగు అయితది. ఆ లేత పసుపు దాక వస్తేనే మీద టోనర్ పెట్టి వెండి రంగు తెస్తరు. నారింజ కాడ ఆగిపోతే ఏ టోనర్‌తోని కూడ తెల్లగ కాదు.

మేడం జుట్టు విషయంల చిక్కు ఎక్కడంటే, నెలనెలా కుదుళ్ల నుంచి కొసల దాక రంగు వేసిన్రు. కుదుళ్ల కాడ ఒక పూత ఉంటే, కొసల మీద పదుల కొద్దీ పూతలు పేరుకున్నయి. బ్లీచ్ పెడితే పై 8, 10 సెంటీమీటర్లు పసుపు అయితది, మధ్యల నారింజ, కొసలు ముదురు ఎరుపు. మూడు పట్టీలు. కొసల కోసం ఇంకింత సేపు ఉంచితే ఎంటిక తెగుతది. పైగా కింద మైదాకు, నీలి ఆకు ఉన్నయి. మైదాకు మీద బ్లీచ్ పెడితే నారింజ దాటి పోదు. నీలి ఆకు మీద పెడితే పచ్చగ తిరుగుతది, ఆ పచ్చదనం దిగుడు మహా కష్టం.

ఏ పార్లర్‌కు పోయినా ముందు మెడ ఎనక నుంచి పెన్సిల్ మందం కుచ్చు ఒకటి కత్తిరించి, దాని మీద బ్లీచ్ పెట్టి చూపించమనండి. ప్రతి 10 నిమిషాలకు చూడాలె, 45 నిమిషాలు దాటొద్దు. కడిగినంక తడి ఎంటికను రెండు వేళ్లతోని లాగి చూడండి. కొంచెం సాగి మళ్ల ఎనకకు వస్తే బాగుంది. సాగి సాగి అట్లనే ఉండిపోతే, లేదా పుటుక్కున తెగితే, ఆ తలకు బ్లీచ్ పనికిరాదు. కుచ్చు పరీక్ష చెయ్యం, నేరుగ చేస్తమంటే లేచి వచ్చెయ్యండి.

చేయించుకునే వీలున్న జుట్టుకు కూడ తలంతా ఒకేసారి కాదు. సన్నని పాయలు తీసి, ఫాయిల్ల పెట్టి, ముఖం చుట్టూ ముందు, 4 నుంచి 6 వారాల తర్వాత పైభాగం, మళ్ల అంతే ఎడంతోని మిగిలింది. దీంతోని తెలుపు, నలుపు కలిసే కాడి గీత చెదిరిపోతది, అంతే. కింద నలుపు మొత్తం పోదు. పోవాల్సింది కత్తెరతోనే.

మైదాకు_మంచిర్యాల

మైదాకు గురించి ఇంకొంచెం. ఆకుల లాసోన్ అనే రంగు ఉంటది, అది ఎంటిక మాంసకృత్తును పట్టుకుంటది, వదలదు. తెల్ల ఎంటిక మీద నారింజ వస్తది. మన దిక్కు ఇనుప మూకుట్ల చాయ డికాక్షన్ పోసి రాత్రంతా నానబెడుతరు. ఇనుముతోని చాయల ఒగరు కలిసి నల్లబడుతది, అందుకే రంగు ముదురుగ వస్తది. ఈ ఇనుము కూడ ఎంటిక మీదనే ఉండిపోతది. అందుకని అసుంటి జుట్టు మీద పెరాక్సైడ్ పెట్టే ముందు చానా జాగ్రత్త. 

బజార్ల "నల్ల మైదాకు" అని అమ్మేది ఉత్త మైదాకు కాదు. మైదాకు ఎప్పుడూ నలుపు ఇయ్యదు. చానా పొట్లాల ఎనక చదివితే పారా ఫెనిలిన్ డయమిన్ అని ఉంటది, అంటే అది రసాయన రంగే. చానామంది ఆడోళ్లు "రంగు మానేసి మైదాకు పెట్టుకుంటున్న" అనుకుంటరు, పెట్టుకునేది ఆ రంగే. తెల్లజుట్టుకు మారుడు మొదలుపెట్టే ముందు ఇంట్ల ఉన్న పొట్లాలన్నీ ఒకసారి తిరగేసి చదవాలె.

మైదాకు పోగొట్టుడుకు మందు లేదు. గోరువెచ్చని కొబ్బరినూనె ఎక్కువ పెట్టి, రెండు మూడు గంటలు ఉంచి షాంపూ చేస్తే కొత్తగ పెట్టినది కొంచెం లేతబడుతది. పాతది ఏం తగ్గదు.

ఖని_మూడోషిఫ్టు

రంగు తీసే కిట్లు అని ఆన్‌లైన్ల వస్తున్నయి, బ్లీచ్ కాదంటున్నరు. విటమిన్ సీ గోలీలు దంచి షాంపూల కలిపి పెట్టుమని కూడ చెప్తున్నరు. పని చేస్తయా?

పార్లరక్క_హన్మకొండ

కిట్లు పని చేస్తయి, కానీ చెప్పినంత కాదు. రెండు ట్యూబుల రంగు ఎంటిక లోపటికి పోయి పెరాక్సైడ్‌తోని కలిసి పెద్ద అణువుగ మారుతది, అందుకే కడిగినా పోదు. ఈ గంధకపు కిట్టు ఆ అణువును మళ్ల చిన్నది చేస్తది. చిన్నదైంది నీళ్లతోని కొట్టుకపోవాలె. అసలు మెలిక ఇక్కడనే. ధారగ 20 నిమిషాలు కడగాలె. ఐదు నిమిషాలు కడిగి వదిలేస్తే లోపల మిగిలింది గాలి తగిలి మళ్ల పెద్దదయితది, రెండు రోజులకు జుట్టు మళ్ల నల్లబడుతది. కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తది, కిటికీ తెరిచి చెయ్యాలె. ఆ తర్వాత వారం పది రోజులు పెరాక్సైడ్ ఉన్నదేదీ పెట్టొద్దు.

ఇంకో మాట. ఈ కిట్టు వేసిన రంగునే తీస్తది. రంగు వేసినప్పుడు పెరాక్సైడ్ మీ సొంత నల్లదనాన్ని కూడ కొంత తీసేసి ఉంటది, అది తిరిగి రాదు. అందుకే కిట్టు తర్వాత జుట్టు తెల్లగ కాదు, రాగి రంగు అయితది. నల్ల గీత కంటే రాగి గీత కంటికి తక్కువ కొడుతది, అంతవరకే లాభం. మైదాకు మీద అసలే పని చెయ్యదు, కాబట్టి మేడంకు దండగ.

విటమిన్ సీ, చుండ్రు షాంపూ కలిపి పెట్టుడు ఒక్క వారం కింద వేసిన లేత రంగులకు కొంచెం పని చేస్తది. ఏండ్ల తరబడి నలుపుకు కాదు, జుట్టు ఎండబారుతది.

స్కిన్‌డాక్టర్_కరీంనగర్

రంగు ఎందుకు ఆపుతున్నారన్నది కూడా చూడాలి. దురద, చెవుల వెనక నీరు కారడం, కనురెప్పల వాపు, మెడ మీద దద్దుర్లు రంగు వేసిన ఒకటి నుంచి మూడు రోజుల్లో వస్తుంటే అది పారా ఫెనిలిన్ డయమిన్ అలర్జీ. మాడు చర్మం మందంగా ఉంటుంది కాబట్టి అక్కడ పెద్దగా కనిపించదు. రెప్పలు, చెవులు, నుదురు ముందు ఉబ్బుతాయి. అందుకే చాలామంది ఇది కంటి జబ్బు అనుకుని కళ్లలో చుక్కలు వేసుకుంటారు. ఏళ్ల తరబడి పడిన రంగు కూడా ఒక రోజు పడకపోవచ్చు. ఒకసారి అలర్జీ మొదలైతే తర్వాతి సారి ఇంకా తీవ్రంగా వస్తుంది, జీవితాంతం ఉంటుంది.

వీళ్లు "అమోనియా లేని" రంగుకు మారితే సరిపోతుందనుకోవద్దు. అమోనియా బదులు ఇథనాలమిన్ ఉంటుంది, వాసన తగ్గుతుంది, అంతే. అలర్జీ చేసే పదార్థం చాలా రంగుల్లో అలాగే ఉంటుంది. ఈ అలర్జీ ఉన్నవాళ్లకు కొన్ని మత్తు మందులు, ముఖ్యంగా బెంజోకైన్, కొన్ని సల్ఫా మందులు కూడా పడకపోవచ్చు. పళ్ల డాక్టర్ దగ్గర, ఆపరేషన్ ముందు ఈ సంగతి చెప్పాలి. ఇంతకుముందే వాపు వచ్చినవాళ్లు ఇంట్లో చేతి మీద రాసుకుని పరీక్షించుకోవద్దు. వరంగల్ వైపు వాళ్లు ఎంజీఎం ఆసుపత్రిలో చర్మవ్యాధుల ఓపీకి వెళ్లి చూపించుకోవచ్చు. ముఖం వాచి ఊపిరి ఆడకపోతే ఓపీ కోసం ఆగకుండా అత్యవసర విభాగానికే వెళ్లాలి.

25 ఏళ్లు నిండకముందే తెల్లబడుతుంటే రంగు, తెలుపు అనే చర్చకు ముందు బీ12, టీఎస్‌హెచ్ (థైరాయిడ్), ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ) పరీక్షలు చేయించండి. బీ12 లోపం, థైరాయిడ్ లోపం సరిచేస్తే కొందరికి కొంత నలుపు తిరిగి వస్తుంది. వయసుతో వచ్చిన తెలుపును నలుపు చేసే నూనె గానీ, గోలీ గానీ లేదు. జుట్టు కోసం బయోటిన్ గోలీలు వేసుకుంటున్నవాళ్లు థైరాయిడ్ రక్తపరీక్షకు కనీసం రెండు రోజుల ముందు వాటిని ఆపాలి, లేకపోతే రిపోర్టు తప్పుగా రావచ్చు.

సుబేదారి_టీచర్

డాక్టర్ గారు, పార్లరక్క, అందరికీ ధన్యవాదాలు. 35కు దించుడు ఖాయం. ఇంకో రెండు సందేహాలు. ముందు భాగం చూస్తే అంతా తెలుపే, మరి ఎనక కూడ ఇంతే ఉంటదా? మధ్యల పెండ్లిళ్లు వస్తయి, అప్పుడేం చెయ్యాలె?

పార్లరక్క_హన్మకొండ

ఎనక అంత ఉండదు. కణతలు, నుదురు, పాపట ముందు తెల్లబడుతయి, మెడ మీది కుదుళ్లు అన్నిటికన్నా ఆఖరుకు. రెండు అద్దాలు పెట్టుకొని మెడ పైన జుట్టు విడదీసి, కుదురు కాడ చూడండి. అక్కడ సొంత నలుపు ఉంటే అది అట్లనే ఉంటది, కింద నలుపు, ముందు తెలుపు కలిసి అందంగ వస్తది. చానామంది ముందు మూడు సెంటీమీటర్లు చూసి "మొత్తం ముగ్గుబుట్ట అయితది" అని భయపడుతరు.

పెండ్లికి: రెండు కలిపే రంగు ఏదీ వద్దు, ఒక్కసారి వేస్తే పైన పెరిగిందంతా నల్లబడి లెక్క మళ్ల సున్నా నుంచి. గుర్తు ఏందంటే, పెట్టెల రెండు సీసాలు ఉండి కలపమంటే అది లోపటికి పోయే రంగు. ఒక్కటే ట్యూబు ఉండి డెవలపర్ లేకుంటే అది పై పూత, కొన్ని తలస్నానాలకు పోతది. మైదాకు మాత్రం ఒక్క పొడే అయినా పోదు, దాన్ని ఈ లెక్కల పెట్టొద్దు. ఇంకా సులువు, కుదుళ్లకు అద్దే పొడి ఉంటది. పొడి జుట్టు మీద, పాపటకు అటూ ఇటూ రెండు వేళ్ల మేర, చిన్న కుంచెతోని అద్ది, మీద కొంచెం హెయిర్‌స్ప్రే. నూనె ఉన్న తలకు పెడితే చెమటతోని నుదుటి మీదికి కారుతది. రాత్రి షాంపూతోని కడగాలె.

గీత కనవడకుండ ఉండాలంటే నడుమ పాపట మానేయండి. దువ్వెన మొనతోని వంకరటింకరగ పాపట తీస్తే నల్లది, తెల్లది కలగలుస్తయి. లేకుంటే పాపట లేకుండ ఎనకకు దువ్వి కొప్పు. కొప్పు చుట్టూ మల్లెదండ పెడితే నలుపు కొసలు లోపటికి పోతయి. జడ వేస్తే మాత్రం గీత కిందికి దిగినకొద్దీ జడల పట్టీలు పట్టీలుగ కనిపిస్తది, అది సహజంగనే ఉంటది, దాచనక్కర్లేదు.

ఇంకోటి. కొత్త తెల్ల ఎంటిక బిరుసుగ, కొంచెం ఎండిపోయినట్టు ఉంటది, కింద రంగు పట్టిన ఎంటిక చీలిపోయి ఉంటది. ఆ రెండూ కలిసే కాడ చిక్కులు పడుతయి. తల తడిగ ఉన్నప్పుడు సన్న పండ్ల దువ్వెనతోని పైనుంచి లాగితే సరిగ్గ ఆ గీత మీదనే తెగుతది. వెడల్పు పండ్ల దువ్వెన, కొసల నుంచి మొదలుపెట్టి పైకి.

నీళ్లపరీక్ష_కాజీపేట

బోరు నీళ్ల ముచ్చట నాకు వదిలేయండి. తెల్లజుట్టు పసుపెక్కడానికి మన దగ్గర మొదటి కారణం అదే. నీళ్లల్ల కాల్షియం, మెగ్నీషియం షాంపూతో కలిసి జిగట పొరగా ఎంటిక మీద కూర్చుంటాయి. ఇనుము ఉంటే తుప్పు రంగు. నల్లజుట్టు మీద ఇవి కనిపించవు, తెల్లజుట్టు మీద అన్నీ కనిపిస్తాయి.

టీడీఎస్ మీటర్ ఒక్కటే చూసి నిర్ణయించొద్దు, అది మొత్తం లవణాలు చెప్తుంది, కాఠిన్యం వేరుగా చెప్పదు. తాగునీటికి ఐఎస్ 10500 (మన దేశ తాగునీటి ప్రమాణం) ప్రకారం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే దిక్కు లేకపోతే 600 దాకా. కాఠిన్యం చూసే చుక్కల కిట్టు దొరుకుతుంది, తెచ్చుకోండి. ఇనుముకు ఇంటి పరీక్ష: తెల్ల బకెట్లో బోరు నీళ్లు పట్టి రాత్రంతా కదపకుండా ఉంచండి. పొద్దున అడుగున ఎర్రని మడ్డి ఉంటే ఇనుము ఉన్నట్టే.

చేయాల్సింది: షాంపూ బోరు నీళ్లతో చేసినా చివరి కడుగుడు మిషన్ భగీరథ నల్లా నీళ్లతో. రెండు మగ్గులు పక్కన పెట్టుకుంటే చాలు. నెలకు ఒకసారి లేబుల్ మీద ఈడీటీఏ ఉన్న షాంపూ, అది ఈ లోహాలను పట్టుకుని లాగేస్తుంది. నురగ 3 నిమిషాలు ఉంచి కడగాలి, వెంటనే కండిషనర్. వారానికొకసారి లీటరు నీళ్లలో ఒక టేబుల్ స్పూన్ వెనిగర్ కలిపి తలమీద పోసుకుని, నిమిషం ఆగి కడిగినా పొర పలచబడుతుంది. నిమ్మరసం వద్దు, రాసుకుని ఎండలోకి పోతే చర్మం నల్లగా కములుతుంది.

శీకాయ, ఉసిరి పొడి బోరు నీళ్లతో వాడితే ఇంకో సమస్య. పైన మైదాకు గురించి చెప్పినట్టే ఇనుము, ఒగరు కలిసి నల్లబడతాయి. తెల్లజుట్టు మురికి బూడిద రంగులోకి పోతుంది. వాడాలనుకుంటే మెత్తని నీళ్లతోనే.

ఖని_మూడోషిఫ్టు

బొగ్గు దుమ్ము సంగతి నేను చెప్త. గోదావరిఖని, మందమర్రి, భూపాలపల్లి దిక్కు గనుల పనిజేసేటోళ్లకు, రైసుమిల్లుల పనిజేసేటోళ్లకు తెల్లజుట్టు రెండు రోజుల్ల మసిబారినట్టు అయితది. పొడి తల మీద టవలుతోని రుద్దొద్దు, షాంపూ కూడ వెంటనే పెట్టొద్దు. ముందు రెండు నిమిషాలు ఉత్త నీళ్లు ధారగ పోనియ్యాలె, దుమ్ము కిందికి జారుతది. తర్వాత షాంపూ. నూనె పెట్టిన తలతోని డ్యూటీకి పోతే దుమ్ము నూనెల అతుక్కుంటది, నాలుగు కడుగుళ్లకు గానీ పోదు. హెల్మెట్ కింద తెల్లని నూలు గుడ్డ కట్టుకోవాలె, రోజూ మార్చాలె. రంగు గుడ్డ అయితే చెమటకు రంగు దిగుతది.

పార్లరక్క_హన్మకొండ

పసుపెక్కినంక వాడేది ఊదా షాంపూ. ఊదా రంగు పసుపును మాత్రమే కొడుతది, నారింజను కొట్టదు. మైదాకు నారింజ మీద ఊదా షాంపూ పెట్టి "పని చేస్తలేదు" అంటరు. ముందు మామూలు షాంపూ, నీళ్లు పిండేసి, ఊదాది 10 మిల్లీలీటర్లు తెల్ల భాగానికి మాత్రమే. మొదటిసారి 1 నిమిషం, తర్వాత 2 లేదా 3 నిమిషాలు. వారానికి ఒక్కసారి, ఊదా ఎక్కువ పడుతుంటే రెండు వారాలకోసారి. ఎక్కువ సేపు ఉంచితే జుట్టు వంకాయ రంగు నీడ కొడుతది, రెండు మామూలు షాంపూలకు పోతది. కొందరు బట్టలకు వేసే నీలిమందు చుక్కలు నీళ్లల్ల కలిపి తలకు పోసుకుంటరు. వద్దు. అది సమానంగ పట్టదు, మచ్చలు మచ్చలుగ నీలం వస్తది.

నూనెలు: రంగులేని కొబ్బరినూనె, తలస్నానానికి ముందు రాత్రి ఒక టీస్పూను, కొసలకు ఎక్కువ. గుంటగలగర నూనె, ఉసిరి నూనె, ఆవనూనె పచ్చగ, పసుపుగ ఉంటయి, తెల్లజుట్టుకు ఆ రంగు అంటుతది. స్ట్రెయిటెనర్ వాడేటోళ్లు 150 డిగ్రీలు దాటనియ్యొద్దు. వేడికి పసుపెక్కిన ఎంటిక ఏ షాంపూతోని తెల్లబడదు, కత్తిరించుడే. ఎండ కూడ అంతే. తెల్ల ఎంటికల నల్లరంగు లేదు కాబట్టి ఎండను ఆపేది ఏదీ లేదు. రామగుండం, కరీంనగర్ ఏప్రిల్, మే ఎండల్ల కొంగు కప్పుకోవాలె, లేదా నూలు స్కార్ఫ్.

వేములవాడ_రోడ్డు

ఇంత లెక్క లేకుండ పోయే దారి ఒకటి మనకు ఎప్పటినుంచో ఉంది. మొక్కు ఉన్నోళ్లు వేములవాడ రాజన్న కాడనో, తిరుపతిలనో తలనీలాలు ఇస్తరు. గుండైనంక వచ్చే ప్రతి ఎంటిక సొంత రంగుదే, గీత అన్నదే ఉండదు. మూడు నెలలకు 4 సెంటీమీటర్ల కాడ, ఆరు నెలలకు 7, 8 సెంటీమీటర్లతోని చక్కని బాయ్‌కట్, ఏడాదికి 15. ఆడోళ్లు మొక్కు కోసం మూడు కత్తెర్లు మాత్రమే ఇస్తే దీనికి లెక్కకు రాదు, అది వేరే.

కల్యాణకట్టల కొత్త బ్లేడు కళ్లముందే విప్పమని అడగాలె. తలల పుండ్లు, అలర్జీ దద్దులు ఉంటే అవి మానేదాక ఆగాలె. గుండైనంక రెండు మూడు వారాలు మాడుకు ఎండ తగలనియ్యొద్దు, తెల్లని నూలు గుడ్డ కట్టుకోవాలె, బయట తిరిగేటోళ్లు ఎస్పీఎఫ్ 30 సన్‌స్క్రీన్ రాసుకోవాలె. చందనం రాస్తే సరే. పసుపు రాస్తే వచ్చే తెల్ల మొలకలకు పసుపు అంటుతది, కొన్ని రోజుల ఎండకు పోతది గాని. గుండు చేస్తే జుట్టు ఒత్తుగ వస్తదన్నది నిజం కాదు. కొస మొద్దుగ తెగి ఉంటది కాబట్టి అట్ల అనిపిస్తది.

సుబేదారి_టీచర్

పసుపు మాట వచ్చింది కాబట్టి అడుగుతున్న. పాపట్ల కుంకుమ పెట్టుకుంటే తెల్లెంటికలు గులాబీ రంగు అయితున్నయి. దీనికేమన్న ఉందా?

పార్లరక్క_హన్మకొండ

ఉంది. ట్యూబుల వచ్చే తడి సింధూరం అయితే దాంట్ల రసాయన రంగు ఉంటది, తెల్ల ఎంటిక లోపటికి పట్టుకుంటది, పోవుడు కష్టం. అది ఆపెయ్యండి. పసుపు, సున్నం కలిపి చేసిన పొడి కుంకుమ తీసుకోండి. పెట్టుకునే ముందు పాపట మొదట్ల ఒక్క చుక్క కొబ్బరినూనె వేలితోని రాసి, గోటి మందం చోట్ల, చర్మం మీద మాత్రమే పెట్టండి. ఎంటికలను సన్న దువ్వెనతోని పక్కకు తొలగించాలె. రాత్రి పడుకునే ముందు నూనె తడిపిన దూదితోని తుడవండి, సబ్బు నీళ్లు ముందు పెట్టొద్దు. పసుపు కుంకుమ సబ్బు తగిలితే ఇంకా ఎర్రబడి పాకుతది. ఇప్పటికే గులాబీ అయినయి నూనె పెట్టి, గంట ఆగి షాంపూ చేస్తే తగ్గుతయి. ఊదా షాంపూ దీనికి పనికిరాదు.

హోలీకి ముందు రోజు కూడ ఇదే పద్ధతి, తలంతా నూనె బాగ పట్టించి గుడ్డ కట్టుకోవాలె. బ్లీచ్ చేయించిన జుట్టు అయితే ఆ రోజు బయటికి పోకుంటేనే మంచిది. చిల్లులు పడిన ఎంటిక ఆకుపచ్చ రంగును పీల్చుకుంటే వారాలు పోదు.

కటింగ్‌షాప్_జమ్మికుంట

మగోళ్లు ఇంకోటి అడుగుతరు, కనుబొమ్మలు, మీసం. తల తెల్లగయి కనుబొమ్మలు నల్లగ ఉంటే బాగుండదని కొందరు, తెల్లగయిన కనుబొమ్మలకు రంగు పెట్టమని కొందరు. ఏం చెయ్యాలె డాక్టర్ సార్?

స్కిన్‌డాక్టర్_కరీంనగర్

కనుబొమ్మలకు, రెప్పలకు తల రంగు వేయకండి, బ్లీచ్ కూడా వద్దు. కంటిలో పడితే నల్లగుడ్డు కాలుతుంది. చూపు పోయిన సందర్భాలు ఉన్నాయి. కనుబొమ్మలు తల కంటే ఆలస్యంగా తెల్లబడతాయి, చాలా మందికి నల్లగానే మిగులుతాయి. కనిపించేలా కావాలంటే బూడిద రంగు కనుబొమ్మ పెన్సిల్ వాడి రాత్రి కడిగేసుకోవచ్చు. మీసానికి గడ్డంతో పాటే గీకించుకోవడం ఒకటే దారి, రెండు వారాల్లో వస్తుంది.